పది డాలర్ల పట్టా

1948 జూన్ 16, బుధవారం. మలయా దేశం, పేరా రాష్ట్రం, సుంగై సిపుట్ దగ్గర ఎల్‌ఫిల్ ఎస్టేట్. రబ్బరు పాలు గీసే కూలీలు చీకటితోనే చెట్ల వరసల్లోకి వెళ్లిపోయారు. పొద్దున్న ఎనిమిదిన్నర వేళ ఆఫీసు గదిలో మేనేజరు ఆర్థర్ వాకర్ ఉన్నాడు. ముగ్గురు చైనా యువకులు సైకిళ్ల మీద వచ్చి ఆఫీసు ముందు దిగారు.

"తాబెక్, తువాన్!" దండాలు దొరా, అన్నమాట.

దొర బదులు పలికాడు. మరుక్షణం తుపాకులు పేలాయి. భారతీయ గుమాస్తా ఉలిక్కిపడి చూసేసరికి వచ్చినవాళ్లు సైకిళ్లెక్కి వెళ్లిపోతున్నారు.

కాసేపటికే ఫిన్ సూన్ ఎస్టేట్‌లో మేనేజరు జాన్ అలిసన్‌నీ, అతని సహాయకుడు ఇయాన్ క్రిస్టియన్‌నీ కుర్చీలకు కట్టేసి కాల్చి చంపారు. క్రిస్టియన్‌కు అప్పటికి 21 ఏళ్లు. కూలీల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఈ కమ్యూనిస్టు దాడుల తర్వాత రెండు రోజుల్లో దేశమంతటా అత్యవసర పరిస్థితి. అది 1960 జులై 31 దాకా, పన్నెండేళ్లు నడిచింది.

చరిత్ర పుస్తకాల్లో సుంగై సిపుట్ పేరు సాధారణంగా ఇక్కడ మొదలై ఇక్కడే ముగుస్తుంది. కానీ ఆ ఊళ్లోనే పుట్టిన ఒకాయనకు సరిగ్గా ఆ రోజే 29 ఏళ్లు నిండాయి. పేరు తిరుజ్ఞాన సంబంధన్. ఆ దేశంలో అందరికీ తెలిసిన పేరు వి.టి. సంబంధన్.

ఆయన కథ తండ్రి దగ్గర మొదలుపెట్టాలి. వీరాసామి 1896లో మలయాలో కాలు పెట్టారు. అప్పటికి రబ్బరు ఇంకా కొత్త పంట. సుంగై సిపుట్‌కు దగ్గర్లోని కువాలా కంగ్సార్‌లో 1877లో నాటిన మొక్కలు చెట్లై నిలబడ్డాయిగానీ, వాటిలో బంగారం ఉందని నమ్మినవాళ్లు తక్కువ. నమ్మినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. అలాంటి రోజుల్లో ఒక తమిళుడు కూలీగా మిగిలిపోకుండా తోట యజమాని కావడం అరుదు. వీరాసామి అయ్యారు. సుంగై సిపుట్‌లో తొలితరం రబ్బరు తోటల వాళ్లలో ఆయనొకరు.

ఆయనకన్నా ఆరేళ్ల ముందు అదే పేరా నేలకు స్కాట్లాండు నుంచి విలియం కెల్లీ స్మిత్ అనే కుర్రాడు వచ్చాడు. తోటలు వేశాడు, తన ఊరు కెల్లాస్ పేరే ఎస్టేటుకు పెట్టుకున్నాడు. 1915లో బటు గాజా దగ్గర కోటలాంటి భవనం కట్టించడం మొదలుపెట్టాడు. భారతీయ కూలీలు కోరితే వాళ్లకో అమ్మవారి గుడి కట్టించాడు. ఆ గుడి గోడ మీద దేవతల బొమ్మల మధ్య టోపీ పెట్టుకున్న దొర బొమ్మ ఇప్పటికీ ఉంది. 1926లో ఆయన లిస్బన్‌లో చనిపోయాడు. కుటుంబం ఆస్తి అమ్ముకుని వెళ్లిపోయింది, కోట సగంలో ఆగింది. ఈనాడు అక్కడికి పోయేది ఫొటోలు దిగే పర్యాటకులు.

దొరకైతే వెనక్కి వెళ్లడానికి ఓ దేశం ఉంది. కూలీకి?

విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడెక్కిన మనవాళ్ల సంగతే చూడండి. కూలీలను కూడగట్టి తెచ్చే మేస్త్రీ, అంటే కంగాణీ, మాట నమ్మి వచ్చారు. పేరాలోనే సముద్రం వైపున్న బగాన్ దాతో కొబ్బరి తోటల్లో తెలుగు కుటుంబాలు తరాల తరబడి బతికాయి. ఉండేది ఎస్టేటు వాళ్ల కూలీ లైన్లలో, అంటే వరస గదుల్లో. పని పోతే ఇల్లూ పోతుంది. ముప్పై ఏళ్లు ఒకే చెట్టు గీసినా ఆ చెట్టు కింద జానెడు నేల తనది కాదు.

ఇక వీరాసామి కొడుకు సంబంధన్ అణ్ణామలై విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చారు. సుంగై సిపుట్‌లో మహాత్మా గాంధీ పేరిట బడి పెట్టించారు. 1954లో దాన్ని ప్రారంభించింది విజయలక్ష్మీ పండిట్. మరుసటేడు సంబంధన్ మలయన్ ఇండియన్ కాంగ్రెస్ పార్టీ అధ్యక్షుడయ్యారు. మన మలయా ఆంధ్ర సంఘం పుట్టిందీ ఆ 1955లోనే. 1957 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చింది, ఆయన మంత్రిగా ఉన్నారు.

స్వాతంత్ర్యం వెంట ఓ ఉపద్రవం కూడా వచ్చింది. బ్రిటిష్ కంపెనీలు ఎస్టేట్లు అమ్మేయసాగాయి. కొన్నవాళ్లు వాటిని ముక్కలు చేసి మళ్లీ అమ్మారు. ముక్కలైన తోటకు అంతమంది కూలీలు అక్కర్లేదు. లైన్లు ఖాళీ చేయమన్నారు.

మంత్రి అన్నవాడు ఇలాంటప్పుడు కమిటీ వేస్తాడు. ఈయన ఎస్టేట్ల బాట పట్టారు. 1960లో జాతీయ భూ ఆర్థిక సహకార సంఘం పెట్టి, వాటా వంద డాలర్లు, పదేసి డాలర్ల వాయిదాల్లో కట్టండి అన్నారు. ఆ రోజుల్లో తోట కూలీకి పది డాలర్లంటే తిండి మానుకుని తీయాల్సిన డబ్బు. కంగాణీ చేతా, వడ్డీ వ్యాపారి చేతా మోసపోయినవాడు మంత్రి మాట మాత్రం ఎందుకు నమ్మాలి? అందుకే భార్య ఉమా సుందరితో కలిసి తోట తోటా తిరిగి, లైన్ల ముందు నిలబడి, అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగినా ఓపిగ్గా జవాబు చెప్పి నమ్మించాల్సి వచ్చింది. నాకు ఆయన పదవులన్నిటికన్నా ఈ తిరుగుడే గొప్పగా తోస్తుంది. నాన్నగారి తోటల్లో చాలా భాగం పార్టీ కోసం అమ్ముకున్నారని కూడా చెబుతారు.

1961లో కెడా రాష్ట్రంలోని బుకిట్ సిడిమ్ ఎస్టేటు, సుమారు 3,000 ఎకరాలు, సంఘం కొనేసింది. నిన్నటిదాకా కూలికి పాలు గీసినవాళ్లు ఆ తోటలో వాటాదారులయ్యారు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మరికొన్ని తోటలు చేతికొచ్చాయి.

అయితే వాటా కాగితం పౌరసత్వం కాదు. 1969లో పౌరులు కానివారికి పని పర్మిట్లు తప్పనిసరి చేశారు. వేలాది తోట కూలీలు మూటలు కట్టుకుని ఓడెక్కారు. పౌరసత్వం కోసం అర్జీ పెట్టుకోండని ముందే గట్టిగా చెప్పాల్సిందని నాయకత్వాన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. 1973లో సంబంధన్ పార్టీ అధ్యక్ష పదవి వదిలారు, మరుసటేడు సుంగై సిపుట్ సీటూ వేరొకరికి వెళ్లింది. సహకార సంఘం పని మాత్రం 1979 మే 18న కన్నుమూసేదాకా విడిచిపెట్టలేదు.