పిడుగును పెట్టెలో నింపిన కథ



నేను వ్యాకరణము చదివి, పాఠశాలలో తెలుగు బోధించి విశ్రాంతి పొందినవాడను. ఒకనాడు భౌతికశాస్త్రోపాధ్యాయుడు సెలవులో నుండగా నే నాతని తరగతికి పోయితిని. పుస్తకములోని మార్క్స్ యంత్రపు పటమును చూపి, "ఇది స్వల్పమైన విద్యుచ్ఛక్తిని అధికము చేయును" అంటిని. ఒక బాలుడు లేచి, "ఆ అధికశక్తి యెక్కడనుండి వచ్చునండీ?" యని యడిగెను. నేను గద్దించి కూర్చుండబెట్టితిని. ఆ తప్పును నేడు దిద్దుకొనుచున్నాను.

ఈ కథకు మూలము లేడెన్ జాడీ. 1745లో పొమరేనియాలో క్లైస్టును, 1746లో హాలండులోని లేడెన్ నగరమున ముస్చెన్‌బ్రోకును, గాజుపాత్రలో విద్యుత్తు నిలువయుండునని వేర్వేరుగా కనుగొనిరి. ముస్చెన్‌బ్రోక్ తాను తిన్న దెబ్బకు జడిసి, ఇట్టి పరీక్ష నెవ్వరును చేయవలదని పారిస్‌లోని రోమ్యూర్ పండితునకు లేఖ వ్రాసెను.

1924లో జర్మనీ దేశపు ఇంజనీరు ఎర్విన్ మార్క్స్ ఒక ఉపాయమును ప్రకటించెను. కారల్ మార్క్సు వేరు, ఈయన వేరు. విద్యుత్తును మోయు తీగెలకు ఆధారమైన పింగాణి దిమ్మలు పిడుగుపాటును ఓర్చునో లేదో పరీక్షింపవలెను. పిలిచినప్పుడు పిడుగు రాదు గదా! అట్టి పరీక్షల కీ యుపాయము అక్కఱకు వచ్చెను.

పది కెపాసిటర్లను ప్రక్కప్రక్కన కలిపి, ఒక్కొక్కదానిని 50,000 వోల్టులకు నింపుదురు. నడుమ చిన్న సందులుండును. మొదటి సందున నిప్పురవ్వ దాటగానే తక్కిన సందులలోను దాటును. అంతవరకు విడివిడి పదములవలె నున్నవి సమాసమువలె నేకమై, కొసను ఇంచుమించు 5,00,000 వోల్టు లగును.

ఇందు శక్తి లేశమైనను పెరుగదు. కొంత వేడిమిగా నష్టమగును. చెఱువు నిండుటకు వానకాల మంతయు పట్టును. కట్ట తెగినచో గడియలో ఊరు మునుగును. ఇదియు నట్టిదే. సెకనుల కొలది నింపినది సెకనులో పదిలక్షల వంతు కాలమున వెడలును. ఆ యుద్ధృతికి వాయువులోని అణువులనుండి ఎలక్ట్రానులు వేరుపడును. అట్టి స్థితికి 1928లో అమెరికాలో లాంగ్మ్యూర్ ప్లాస్మా యని పేరిడెను.

ఆ దేశమున ఆల్బుకర్కీ నగరమందలి జడ్ యంత్రమున నిట్టివి 36 కలవు. 2007లో సంస్కరింపబడిన పిదప అది రెండు కోట్ల ఆంపియర్లకు మించిన ప్రవాహము నిచ్చినది. బల్లపై నిముడు చిన్న యంత్రములును కలవు. వానిలో సందులను ఒకే గొట్టమున వరుసగా నమర్చి, ఒత్తిడిగల వాయువును నింపుదురు. మొదటి రవ్వ వెలుగే తరువాతి రవ్వకు దోహద మగును.

విద్యార్థుల కొక హెచ్చరిక. మీట కట్టినను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండును. భూమికి కలిపిన కడ్డీతో దానిని ఖాళీ చేయక చేయి పెట్టరాదు; ప్రాణాపాయము.

ఇక నాటి బాలునకు నా సమాధానము: నాయనా, అధికశక్తి యెక్కడనుండియు రాలేదు. మెల్లగా కూడబెట్టినదే ఒక్కసారిగా బయల్వెడలినది. నీ ప్రశ్నయే సరియైనది.