శోకం, శాసనం, మౌనం: ప్రాచీన సాక్ష్యాలలో మనోవ్యథ

రాయపూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయం సిర్పూర్ బౌద్ధ కాంస్య ప్రతిమలకు ప్రసిద్ధి చెందినది. వాటితో పాటు బౌద్ధ చరిత్ర విద్యార్థి శ్రద్ధగా చదువవలసిన వైష్ణవ శాసనం ఒకటుంది. అది సిర్పూర్ లక్ష్మణాలయ శాసనం. దక్షిణ కోసలాన్ని ఏలిన పాండువంశీ రాజు హర్షగుప్తుడు మరణించగా, అతని రాణి వాసట భర్త స్మృత్యర్థం ఇటుకలతో విష్ణ్వాలయాన్ని కట్టించింది. అప్పటికి ఆమె కుమారుడు మహాశివగుప్త బాలార్జునుడు రాజ్యం చేస్తున్నాడు. కాలం 7వ శతాబ్ది ప్రాంతం. ఒక స్త్రీ దుఃఖం నుండి పుట్టిన కట్టడం నేటికీ మహానదీ తీరాన నిలిచి ఉంది. అయితే శాసనంలో ఆమెను గూర్చి కవి చెప్పిన మాటలే గాని, ఆమె స్వయంగా చెప్పిన మాటలు లేవు. శోకాన్ని అనుభవించినవారు ఒకరు, దానిని పలికినవారు మరొకరు. ఈ అంతరమే ఈ వ్యాసానికి విషయం.

మానసిక ఆఘాతం అన్న భావన ఆధునిక వైద్యశాస్త్రం నుండి వచ్చినది. ఆఘాతానంతర మనోవైకల్యానికి అమెరికా మనోవైద్యుల సంఘం తన వర్గీకరణ గ్రంథంలో ప్రత్యేక స్థానం కల్పించినది 1980లోనే. ఆ రోగనామాన్ని ప్రాచీనుల మీద ఆరోపించడం సరి కాదు. కాని వ్యథ వారికీ ఉంది, దానిని చెప్పుకొనే పద్ధతులూ ఉన్నాయి. ఆ పద్ధతులను వారి మాటలలోనే వెదకాలి.

అట్టి మాట ఒకటి అశోకుని పదమూడవ శిలాశాసనంలో దొరుకుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద పదునాలుగు శిలాశాసనాలూ ఉండుట వలన ఈ పాఠం తెలుగునేలకు పరాయిది కాదు. పట్టాభిషేకమైన ఎనిమిదేండ్లకు జరిగిన కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారనీ, లక్షా ఏబదివేలమందిని తరలించుకొని పోయారనీ, అంతకు ఎన్నో రెట్లు మంది ఇతరత్రా మరణించారనీ రాజు లెక్క చెబుతాడు. అంకెల తరువాత వచ్చే భాగం ఇంకా విలువైనది. తాము స్వయంగా సురక్షితంగా ఉన్నవారు సైతం తమ మిత్రులకూ, పరిచితులకూ, జ్ఞాతులకూ ఆపద కలిగినపుడు గాయపడినవారే అవుతారని అతడు గుర్తించాడు. ఆ గాయానికి శాసనం వాడిన ప్రాకృత పదానికి సంస్కృత రూపం ‘ఉపఘాతం’. మనం నేడు వాడే ‘ఆఘాతం’ కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. శరీరానికి దెబ్బ తగలకున్నా మనస్సుకు తగులుతుందని ఒక రాజశాసనం అంగీకరించడం సామాన్యమైన విషయం కాదు.

అయితే ఈ పశ్చాత్తాపం ఎవరికి వినిపించింది? ఎర్రగుడిలో ఉంది, కాల్సీలో ఉంది, వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది. యుద్ధం జరిగిన కళింగంలోని ధౌళి, జౌగడలలో మాత్రం లేదు. అక్కడ పదకొండు మొదలు పదమూడు వరకు గల శాసనాలను విడిచి, రెండు ప్రత్యేక శాసనాలను చెక్కించారు. ప్రజలందరూ నా బిడ్డలే అన్న ప్రసిద్ధ భావం వాటిలోనిది. అకారణంగా ఎవరినీ బంధించరాదనీ, హింసించరాదనీ అక్కడి అధికారులకు ఆజ్ఞ ఉంది. గాయపడిన జనుల ఎదుట ఆ గాయాన్ని మరల తలపెట్టరాదన్న కనికరం ఈ మినహాయింపుకు కారణం కావచ్చు. జయించిన రాజు తన తప్పును జితుల ఎదుట ఒప్పుకొనరాదన్న రాజనీతీ కావచ్చు. రెంటిలో ఏది నిజమైనా, కళింగుల వ్యథ కళింగుల నోట మనకు చేరలేదు. వారి తరఫున పలికినవాడు ఆ వ్యథకు కర్త.

మరొక అంశాన్ని కూడా దాటవేయరాదు. అదే పదమూడవ శాసనంలో అటవీ జనులకు హెచ్చరిక ఉంది. పశ్చాత్తాపంలో ఉన్నా రాజుకు దండించే శక్తి ఉన్నదని వారికి గుర్తుచేశారు. అడవుల నడుమ వెలసిన దక్షిణ కోసల ప్రాంతంలో కూర్చుని చదివినపుడు ఆ వాక్యం ధ్వని మారుతుంది. అనుకంపా, బెదిరింపూ ఒకే బండ మీద ఉన్నాయి.

దుఃఖితులే పలికిన సందర్భం కావాలంటే పాళీ వాఙ్మయంలోని థేరీగాథలను ఆశ్రయించాలి. పటాచార భర్తను, ఇద్దరు బిడ్డలను, తల్లిదండ్రులను, సోదరుని వెంటవెంటనే కోల్పోయి, మతి తప్పి, వంటి మీద వస్త్రం లేదన్న స్పృహ కూడా లేక తిరిగిందని సంప్రదాయం. స్మృతిని తిరిగి తెచ్చుకొమ్మని బుద్ధుడు ఆమెతో అన్నాడట. ఈ కథను విస్తరించి చెప్పినవి తరువాతి అట్టకథలు. ఆమె పేర నిలిచిన గాథలలో మాత్రం ఆ మరణాల ప్రస్తావన లేదు. కాళ్లు కడుగుకొనగా నీరు పల్లానికి జారిన తీరు, దీపపు వత్తిని కిందికి దించగా జ్వాల ఆరిన తీరు, వాటితో పాటు చిత్తం విముక్తమైన క్షణం ఉన్నాయి. వ్యాఖ్యాత ఘటనను చెప్పాడు. అనుభవించిన ఆమె, ఘటనను విడిచి, దాని నుండి తేరుకొన్న మార్గాన్ని చెప్పింది. ఆమె మౌనం మరపు కాదు. ఏది చెప్పాలో, ఏది చెప్పనక్కరలేదో నిర్ణయించుకొనే అధికారం ఆమె చేతిలో ఉందనడానికి అది గుర్తు.

తిరిగి సిర్పూర్‌కు వద్దాం. వాసట కుమారుని పాలనలోనే భిక్షువు ఆనందప్రభుడు అక్కడ విహారాన్ని నిర్మించాడు. 1950 దశకంలో ఎం. జి. దీక్షిత్ జరిపిన తవ్వకాలలో అది వెలుగుచూసింది. గర్భగృహంలోని బుద్ధుడు భూమిస్పర్శ ముద్రలో ఉన్నాడు. మారుడు తన సేనతో దాడి చేసినవేళ బోధిసత్త్వుడు ఆయుధం పట్టలేదు, వాదనకు దిగలేదు. నేలను తాకి సాక్ష్యం అడిగాడు. శిల్పి ఎంచుకొన్నది భీతిని కాదు, ఆ సాక్ష్యపు ముహూర్తాన్ని.

పురావస్తు పరిశోధకుని పని కూడా ఒక విధంగా సాక్ష్యమే. శాసనంలో ఏముందో నమోదు చేయుట ఎంత అవసరమో, ఎవరు పలికారు, ఎవరి ఎదుట పలికారు, ఎక్కడ పలుకక విడిచారు అని నమోదు చేయుట అంత అవసరం. ధౌళి బండ మీద లేని శాసనం, లక్ష్మణాలయ శాసనంలో వినబడని రాణి స్వరం, పటాచార చెప్పక విడిచిన మరణాలు మూడూ మౌనాలే. కాని మొదటిది రాజు నిర్ణయం, రెండవది ప్రశస్తి కావ్యపు మర్యాద, మూడవది స్వేచ్ఛ. ఈ మూడింటినీ ఒకే మౌనంగా లెక్కించిన నాడు, మరణించినవారికీ బ్రతికి భరించినవారికీ మన చరిత్ర రచన మరొకమారు అన్యాయం చేసినట్లవుతుంది.