థైరాయిడ్ పరీక్షల చరిత్ర: అంకెలు ఎందుకు తికమక పెడతాయి?

కొండగట్టు అంజన్న సన్నిధిలో 40 రోజులు సేవ చేస్తే సంతానం కలుగుతుందని ఈ ప్రాంత ప్రజల విశ్వాసం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపుల నుండి దంపతులు ఆ గుట్టకు వస్తారు. సంతానలేమికి గల కారణాలలో థైరాయిడ్ లోపం ఒకటి. అది చిన్న మాత్రతో సరిదిద్దదగినది. అయితే పరీక్ష చేయించుకున్నవారికి మరొక చిక్కు ఎదురుకావచ్చు. ఒకచోట టీఎస్‌హెచ్ ఎక్కువని వస్తుంది, నెల తిరిగేసరికి మరొకచోట మామూలుగా ఉన్నదంటారు. వీటిలో ఏది నిజం? ఈ ప్రశ్న మీ ఒక్కరిది కాదు. థైరాయిడ్‌ను కొలవడం మొదలైన నాటి నుండి వైద్యులను వేధిస్తున్నదే.

తొలినాళ్లలో కొలత అన్నదే లేదు. 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ ఈ వ్యాధి లక్షణాలను వర్ణించాడు. ఉబ్బిన ముఖం, ఎండిన చర్మం, మందగించిన మాట ఇవే ఆనవాళ్లు. 1891లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ సారాన్ని ఒక రోగికి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె కోలుకొని మరో 28 సంవత్సరాలు జీవించింది. ఆనాడు వైద్యునికి ఆధారం రోగి రూపమూ, రోగి చెప్పే మాటా మాత్రమే.

1895లో జర్మనీకి చెందిన మాగ్నస్ లెవీ, థైరాయిడ్ లోపం ఉన్నవారి దేహం ప్రాణవాయువును తక్కువగా వినియోగిస్తుందని చూపాడు. దాని నుండి బేసల్ మెటబాలిక్ రేటు పరీక్ష పుట్టింది. రోగి పరగడుపున కదలక పడుకొని యంత్రంలోకి ఊపిరి వదలాలి. ఆందోళన పడినా, జ్వరం ఉన్నా అంకె పెరిగేది. యంత్రాన్ని చూసి భయపడిన మనిషికి లేని జబ్బు అంటగట్టే ప్రమాదం ఉండేది.

ఆ తరువాత రక్తంలోని ప్రోటీన్లకు అంటుకొన్న అయోడిన్‌ను కొలిచే పరీక్ష వచ్చింది. అది మరింత శాస్త్రీయమే. కాని అయోడిన్ కలిసిన దగ్గుమందు తాగినా, ఎక్స్‌రే కోసం అయోడిన్ రంగుమందు ఎక్కించుకున్నా ఫలితం తారుమారయ్యేది. గర్భిణులలో సహజంగానే అంకె పెరిగేది.

1959 ప్రాంతంలో న్యూయార్క్‌లో సోలమన్ బెర్సన్, రోజాలిన్ యాలో రేడియో ఇమ్యునో ఎస్సే అనే పద్ధతిని కనిపెట్టారు. రక్తంలో అతి స్వల్పంగా ఉండే హార్మోన్లను కూడా దానితో కొలవవచ్చు. బెర్సన్ 1972లో మరణించగా, 1977లో యాలో నోబెల్ బహుమతి అందుకొన్నది. ఆ మార్గంలోనే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపే టీఎస్‌హెచ్‌ను కొలవడం సాధ్యమైంది. థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ దానిని తట్టి లేపడానికి టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. 1980ల నాటికి బాగా తగ్గిన టీఎస్‌హెచ్‌ను సైతం గుర్తించగల పరీక్షలు వచ్చాయి.

ఇక చిక్కులు తీరినట్లేనా? తీరలేదు. నేటి పరీక్షలలో అనేకం బయోటిన్ అనే విటమిన్‌కు గల అంటుకొనే గుణంపై ఆధారపడి పనిచేస్తాయి. పెద్దలకు రోజుకు సుమారు 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు. జుట్టు మాత్రలలో 5,000 నుండి 10,000 మైక్రోగ్రాముల వరకు ఉండవచ్చు. అంత మోతాదు రక్తంలో ఉంటే, అటువంటి పరీక్షలలో టీఎస్‌హెచ్ లేనంత తక్కువగానూ, టీ4 లేనంత ఎక్కువగానూ కనబడవచ్చు. 2017 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరిక జారీ చేసింది. ఇందులోని విషాదం గమనించండి. థైరాయిడ్ లోపం వల్ల జుట్టు రాలుతుంది. జుట్టు కోసం బయోటిన్ మింగుతారు. ఆ బయోటిన్ వల్ల లోపం కాగితంపై మాయమవుతుంది. అవసరమైన థైరాయిడ్ మాత్ర తగ్గిపోతుంది.

రక్తం తీసిన వేళ కూడా ముఖ్యమే. హైదరాబాద్‌లో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించగా, సుమారు 1,700 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్నట్లు 2004లో వెల్లడైంది. సకాలంలో గుర్తించకపోతే ఆ బిడ్డ బుద్ధి వికాసం దెబ్బతింటుంది. కాని పుట్టిన తొలి రోజున ప్రతి శిశువులోనూ టీఎస్‌హెచ్ ఎగసిపడుతుంది. అందుకే రెండు మూడు రోజులు ఆగి రక్తం తీయడం మేలు. పెద్దలలోనూ టీఎస్‌హెచ్ రాత్రివేళ పెరిగి, మధ్యాహ్నానికి తగ్గుతుంది.

కాబట్టి ఫలితాలు పొసగనప్పుడు కంగారుపడకండి. సాధ్యమైనంతవరకు ఒకే ప్రయోగశాలలో, ఒకే వేళలో రక్తం ఇవ్వండి. బయోటిన్ వాడుతుంటే వైద్యునికి చెప్పి కనీసం రెండు రోజుల ముందు ఆపండి. మోతాదు ఎక్కువైతే ఇంకా ముందుగానే ఆపవలసి ఉంటుంది. థైరాయిడ్ మాత్రను ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి మింగకండి, నాలుగు గంటల ఎడం ఉంచండి. మోతాదు మార్చిన ఆరు నుండి ఎనిమిది వారాలకు గాని టీఎస్‌హెచ్ కుదుటపడదు. నెలంతా మానేసి, పరీక్షకు ముందు నాలుగు రోజులు మింగితే టీ4 బాగున్నా టీఎస్‌హెచ్ ఎక్కువగానే ఉండవచ్చు. ఈ విషయం దాచకుండా చెప్పండి. గర్భం దాల్చినవారు మాత్రం అంకెలు పొసగలేదని ఊరకుండక వెంటనే వైద్యుని కలవాలి. ఎవరైనా సరే, మాత్రలను సొంతంగా ఆపరాదు.

నూరేళ్లకు పైబడిన ఈ చరిత్రలో పరీక్షలు మారాయి, ప్రతి పరీక్షకూ దానిదైన లోపం బయటపడింది. మారనిది ఒక్కటే. అంకెను మనిషితో పోల్చి చూసిన వైద్యుడే నిర్ధారణకు చేరగలిగాడు. ఈసారి వైద్యుని వద్దకు వెళ్లేటప్పుడు పరీక్ష కాగితాలతో పాటు మీరు వాడే ప్రతి మాత్రనూ తీసుకువెళ్లండి.