నిలయానికి చెల్లెలు: విజ్ఞాన చంద్రికా మండలి

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం శతోత్తర రజతోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగితే, నిలయం గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు, నేను దాని చెల్లెలి గురించి రాస్తానన్నాను. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో గ్రంథాలయంగా నిలయం పుట్టింది. ఐదేళ్లు తిరిగేసరికి, 1906లో, అదే ఊళ్లో ఇంచుమించు ఆ మనుషుల చేతుల మీదుగానే, తెలుగులో పుస్తకాలు రాయించి వేసే విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. అక్క పుస్తకాలు పోగుచేసి చదివిస్తానంది. పోగుచేయడానికి తెలుగులో ఏమున్నాయి గనక అని చెల్లెలు అడిగింది.

అడగాల్సిన మాటే అది. అప్పటి తెలుగు బీరువాలో పురాణాలు, ప్రబంధాలు, శతకాలు, నాటకాలు, వేళ్ల మీద లెక్కపెట్టే నవలలు. వీరేశలింగం పంతులు గారి లాంటివారు శాస్త్ర విషయాలు కొన్ని రాశారు, నిజమే. కానీ కలరా ఎలా వస్తుందో, గాలిలో ఏముందో, మన ఊళ్లను ఒకప్పుడు ఎవరు ఏలారో తెలుసుకోవాలంటే ఇంగ్లీషు రావాలి. అందులోనూ నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాష, అంతే.

మండలికి మూలపురుషుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1877లో పుట్టి నాగపూరులో చదువుకున్నారు. మరాఠీలో వ్యాసాలు రాసేవారు. మరాఠీవాళ్లు తమ భాషలో చరిత్రనూ శాస్త్రాలనూ ఎలా నిలబెట్టుకుంటున్నారో దగ్గరుండి చూసిన మనిషి. తర్వాత మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి దగ్గర దివానుగా చేరారు. మునగాల తమాషా పరగణా. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ ద్వీపంలాగా కృష్ణా జిల్లాకు చెందిన ఇంగ్లీషు వారి ముక్క. అక్కడి దివానుకు ఇటు హైదరాబాదు, అటు మద్రాసు రెండూ ఇరుగు పొరుగే. మండలి రెండు రాజ్యాల తెలుగువాళ్లదీ కావడానికి ఈ భూగోళం కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఆయనకు తోడు నిలిచినవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు గార్లున్నారు. మొదటి పుస్తకం గాడిచర్లవారు రాసిన అబ్రహాం లింకను చరిత్ర, 1907లో వచ్చింది. రాజులనూ దేవుళ్లనూ వదిలి, కట్టెల గుడిసెలో పుట్టి దేశాధ్యక్షుడైన మనిషి కథతో మొదలుపెట్టడం యాదృచ్ఛికం అనుకోను. వందేమాతరం ఉద్యమం రోజులవి. మరుసటి ఏడాదే గాడిచర్లవారు ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్లారు. అదే ఏడాది దివాను పనుల మీద లక్ష్మణరావు గారు మద్రాసులో మకాం పెట్టాల్సి రావడంతో మండలి కూడా ఆయన వెంట వెళ్లిపోయింది. పుట్టిల్లు హైదరాబాదైతే, పెరిగిందంతా మద్రాసులో.

మండలి చేసిన పెద్ద పని ఏమిటంటే, నా లెక్కలో, పుస్తకాలు వేయడం కన్నా ముందు రాసేవాళ్లను తయారుచేయడం. పండితుల చేత శాస్త్రాలు రాయించలేదు. వైద్యుడి చేత వైద్యం రాయించింది. ఆచంట లక్ష్మీపతి గారు డాక్టరు. ఆయన చేత జీవశాస్త్రం, కలరా రాయించారు. రసాయన శాస్త్రం వేమూరి విశ్వనాథశర్మ గారు, పదార్థ విజ్ఞానం మంత్రిప్రగడ సాంబశివరావు గారు, వ్యవసాయం గోటేటి జోగిరాజు గారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు అర్థశాస్త్రం రాశారు. వీళ్లలో చాలామందికి చదువంతా ఇంగ్లీషులోనే. తెలుగులో రాయబోతే మొదటి పేజీలోనే మాట తట్టదు. మాట లేకపోతే చేసుకోవాలి. ఆ కాలపు రసాయన శాస్త్రం పుస్తకాల్లో ఉదజని, ఆమ్లజని, నత్రజని అని మూలకాలకు పేర్లు కనిపిస్తాయి. ఆమ్లజని బతకలేదు, ప్రాణవాయువు దాన్ని మింగేసింది. నత్రజని మాత్రం ఇవాళ ఎరువుల దుకాణంలో కూడా వినిపిస్తుంది. పైరు పసుపు తిరిగిందంటే నత్రజని తక్కువైందని చెప్పే రైతు నిఘంటువు చూసి అంటున్నాడా?

భాష సరళ గ్రాంథికం. వ్యావహారికం పోరు అప్పుడే రాజుకుంటోంది, మండలి అందులోకి పూర్తిగా దిగలేదు. ఇవాళ చదివితే అక్కడక్కడా నోరు తిరగదు. అయినా విషయం మీద పట్టున్నచోట వాక్యం తేలికవుతుంది. లక్ష్మణరావు గారి హిందూ మహాయుగము ఇప్పటికీ ఆగకుండా చదివిస్తుంది.

నవలలకు పోటీలు కూడా పెట్టారు. కేతవరపు వెంకటశాస్త్రి గారి రాయచూరు యుద్ధము, దుగ్గిరాల రాఘవచంద్రయ్య గారి విజయనగర సామ్రాజ్యము, భోగరాజు నారాయణమూర్తి గారి విమలాదేవి ఆ వరసలోనివే. చరిత్రను కథగానైనా జనం నోట్లో పోయాలన్నది ఉద్దేశం.

ఒక లోటు చెప్పకుండా ఉండలేను. లక్ష్మణరావు గారి అక్కగారు భండారు అచ్చమాంబ. అబలా సచ్చరిత్ర రత్నమాల రాసిన చరిత్రకారిణి. మండలి పుట్టకముందే, 1905లో, ముప్పయ్యొకటో ఏట కన్నుమూశారు. ఆవిడ బతికి ఉంటే ఈ జాబితా ఇలా మగవాళ్ల పేర్లతోనే నిండి ఉండేదా అనిపిస్తుంది.

మండలి పుస్తకాల్లో నా దగ్గరున్నది ఒక్కటే. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము, మొదటి భాగం, 1910. మా తాతగారి ట్రంకు పెట్టెలో దొరికింది. కాగితం బెల్లం రంగుకు తిరిగింది, వేలు తగిలితే మూల విరుగుతుంది. అరసున్నలు, బండి ‘ఱ’లు, వెండిచేప పురుగు తొలిచిన వంకర దారులు. శాసనాలు, పాత రాతలు వెతికి పట్టుకుని ఒక తెలుగువాడు తెలుగులో తన జాతి చరిత్ర రాయడానికి కూర్చున్న పుస్తకమది. అందులో తప్పులున్నాయి, తర్వాతివాళ్లు దిద్దారు కూడా. దిద్దడానికి ముందు ఒకటి ఉండాలి కదా.

తాతగారు దాన్ని ఊరికే చదవలేదు. అంచుల్లో పెన్సిలుతో పోట్లాడారు. ఒకచోట ‘ఆధారమేది?’ అని, ఇంకోచోట రెండు గీతలు గీసి తమ ఊరికి దగ్గరి గుడి పేరు. ఇరవయ్యేళ్ల కిందట అట్ట ఊడిందని నేను బైండింగుకు ఇచ్చాను. అంచులు కోయవద్దని చెప్పడం మర్చిపోయాను. ఆ బైండరు పని శుభ్రంగా చేశాడు, మూడు వైపులా సమంగా కోసి, ఎర్ర కాలికో అతికించి ఇచ్చాడు. తాతగారి అక్షరాలు సగం సగం మిగిలాయి.

వేంగీ చాళుక్యుల ప్రకరణంలో ఒక పొడుగాటి గమనిక ఉండేది. అందులో ఇప్పుడు చదవడానికి వచ్చేది చివరి మాట ఒక్కటే, ‘కాదు’ అని. ఏది కాదన్నారో కత్తిరింపు ముక్కలతో పోయింది.