నాటిన అడవుల్లో కిరణజన్య సంయోగక్రియ: వేడి, నీరు, కార్బన్ డయాక్సైడ్ ప్రభావం

బిలాస్‌పూర్: ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో, అర్పా నదీ తీరాన ఉన్న తోర్వా ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీల సెల్సియస్‌ను దాటడం అరుదు కాదు. వర్షపాతంలో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. రైల్వే ఉద్యోగాల వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సుపరిచితమైన ఈ ఋతుచక్రమే, ఛత్తీస్‌గఢ్‌లో నాటిన టేకు వనాలు ఏడాదిలో ఎంతకాలం కర్బనాన్ని గ్రహించగలవో నిర్ణయిస్తుంది.

గనులు, రహదారుల కోసం అటవీ భూమిని మళ్లించినప్పుడు ప్రత్యామ్నాయంగా మొక్కలు నాటాలనే నిబంధన దేశంలో అమల్లో ఉంది. ఆ నిధుల నిర్వహణకు పార్లమెంటు 2016లో ప్రత్యేక చట్టం చేసింది. అందువల్ల నాటిన మొక్కల సంఖ్యతో పాటు వాటి ఆకుల పనితీరు కూడా ముఖ్యమవుతోంది.

నీరు, వేడి

ఆకులోని పత్రరంధ్రాలు తెరచుకున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ లోపలికి ప్రవేశిస్తుంది. అదే మార్గంలో నీటి ఆవిరి బయటికి పోతుంది. నేలలో తేమ తగ్గినా, గాలి పొడిబారినా చెట్టు ఈ రంధ్రాలను మూసుకుంటుంది. నీరు ఆదా అవుతుంది గాని ఆహార తయారీ మందగిస్తుంది.

వేడి పెరిగినకొద్దీ రూబిస్కో అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకోవడం ఎక్కువవుతుంది. దీనివల్ల గ్రహించిన కర్బనంలో కొంత తిరిగి గాలిలో కలుస్తుంది. ఉష్ణమండల వృక్షాల ఆకుల్లో కిరణజన్య సంయోగ వ్యవస్థ సగటున 46.7 డిగ్రీల వద్ద దెబ్బతినడం మొదలవుతుందని 2023లో ‘నేచర్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం పేర్కొంది. ఇది ఆకు ఉష్ణోగ్రత. రంధ్రాలు మూసుకున్న ఆకు, చల్లబడే మార్గం లేక, చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ వేడెక్కగలదు.

జాతిని బట్టి తేడా

టేకు ఎండాకాలంలో ఆకు రాల్చి, వానలతో చిగురిస్తుంది. రుతుపవనాలు ఆలస్యమైతే దాని పనికాలం కుదించుకుపోతుంది. వానాకాలపు మబ్బులు వెలుతురును తగ్గిస్తాయి. వానలు వెనుదిరిగాక నేలలో తేమ, ఆకాశంలో ఎండ రెండూ ఉండే వారాలు దానికి అనుకూలం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షమైన సాల్, అంటే తెలుగువారి గుగ్గిలం చెట్టు, పూర్తిగా మోడువారడం అరుదు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో కాగితపు గుజ్జు కోసం పెంచే జామాయిల్ ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. వానలు లేని నెలల్లో ఆ పచ్చదనానికి నేల లోతుల్లోని తేమే ఆధారం.

కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మేలేనా?

గాలిలో ఈ వాయువు పెరిగితే, రంధ్రాలు కొద్దిగా తెరచినా చెట్టుకు ఎక్కువ కర్బనం అందుతుంది. కానీ ఆ లాభానికి పరిమితి ఉంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ వద్ద నాటిన స్వీట్‌గమ్ వనానికి అదనంగా ఈ వాయువును అందించగా, ఉత్పాదకతలో పెరుగుదల 2001–03లో 24 శాతంగా నమోదైంది. 2008 నాటికి అది 9 శాతానికి పడిపోయింది. నేలలో నత్రజని కొరతే ఇందుకు కారణమని పరిశోధకులు తేల్చారు.

మొక్కలను లెక్కించినంత మాత్రాన ఈ తేడాలు బయటపడవు. ఉత్తరాఖండ్‌లోని హల్ద్వానీ వద్ద నాటిన మిశ్రమ వనంలో శాస్త్రవేత్తలు ఎత్తైన స్తంభంపై పరికరాలు అమర్చి, అడవికీ గాలికీ మధ్య కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మార్పిడిని కొలిచారు. నాటిన అడవి ఏ నెలలో ఎంత కర్బనాన్ని గ్రహిస్తోందో ఇటువంటి కొలతలే చెప్పగలవు.