చెట్టు మీద లైకెన్ల మెట్లు

గుంటూరులో మసాలా దినుసులమ్మే ఏ కొట్లో అడిగినా రాతిపువ్వు ఇస్తారు. ఒకవైపు బూడిద రంగు, మరోవైపు నలుపు, అంచులు ముడుచుకున్న ఎండు రేకు. అదే లైకెన్. శిలీంధ్రం, శైవలం కలిసి ఒకే దేహంగా బతుకుతాయి. రాళ్ల మీదే కాదు, చెట్టు బెరడు మీదా పెరుగుతుంది. ఏ లైకెన్ చెట్టు మీద ఎంత ఎత్తున ఉంటుంది, అక్కడే ఎందుకుంటుంది అన్న ప్రశ్న మాత్రం శాస్త్రవేత్తలకు ఆలస్యంగా తట్టింది.

మొదట్లో పనంతా పేర్లు పెట్టడమే. 1803లో స్వీడన్ వైద్యుడు ఎరిక్ అకారియస్ లైకెన్లకు విడిగా వర్గీకరణ తయారుచేశాడు. కోరమండల్ తీరంలో చెట్లకు బూడిదరంగు పట్టీల్లా వేలాడే రోసెల్లా మాంటాగ్నీకి 1838లో ఫ్రెంచి యాత్రికుడు బెలాంజే పేరుపెట్టాడు. 1866లో లైకెన్ల శాస్త్రవేత్త నైలాండర్ పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటను పరిశీలించి, నగర గాలి ఎలా ఉందో లైకెన్లే చెబుతాయని గ్రహించాడు. మరుసటి ఏడే వృక్షశాస్త్రవేత్త ష్వెండెనర్, ఇవి రెండు జీవుల కలయిక అని ప్రకటించాడు. నైలాండర్ దాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు.

బెరడు మీది లైకెన్లు, నాచుల జీవావరణం మీద డచ్ శాస్త్రవేత్త బార్క్‌మన్ 1958లో పెద్ద గ్రంథం వెలువరించాడు. అయినా చెట్టు కొన దాకా ఎక్కి చూస్తే గానీ కథ పూర్తి కాదు. ఆ పని 1970ల్లో అమెరికాలోని ఒరెగాన్‌లో జరిగింది. విలియం డెనిసన్ బృందం పర్వతారోహకుల తాళ్లతో, 60 మీటర్లు దాటే డగ్లస్ ఫర్ చెట్లెక్కింది. కింద నాచులు. నడుమ, గాలిలోని నత్రజనిని పట్టి అడవికిచ్చే లోబేరియా లైకెన్లు. పైన ఎండకూ గాలికీ ఓర్చే వేరే రకాలు.

ఈ మెట్లకు కారణం ఎత్తొక్కటే కాదని 1993లో శాస్త్రవేత్త బ్రూస్ మెక్‌క్యూన్ ప్రతిపాదించాడు. అడవి ముదిరేకొద్దీ, తేమ పెరిగేకొద్దీ ఈ వరుసలు పైకి జరుగుతాయన్నాడు. ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా పదునైన ఆలోచన ఇదే. దీన్ని తిరగేసి చూస్తే మన మెట్టనేలలకు చక్కగా పనికొస్తుంది. తేమ తక్కువైన చోట, తడి అడవిలో కొనకొమ్మన కనిపించే తరహా జీవితం మొదలు దాకా దిగివస్తుందని ఊహించవచ్చు.

ప్రకాశం పశ్చిమాన నల్లమలలో వేసవికి చెట్లు ఆకు రాలుస్తాయి, ఎండ నేరుగా చెట్టు మొదలు దాకా దిగుతుంది. అక్కడ ఎత్తుతోపాటు బెరడుకూ పాత్ర ఉంటుంది. నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా లోతుగా చీలి తేమను దాచుకుంటుంది. చిరుమాను బెరడు నునుపుగా ఉండి పెచ్చులుగా ఊడుతుంది, దాంతోపాటే లైకెనూ రాలిపోతుంది. మన దగ్గర పేర్ల నమోదు కూడా సాగింది: కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2014లో ఆంధ్రప్రదేశ్ లైకెన్ల జాబితాకు కొత్త జాతులను చేర్చారు.

ఇక మిగిలింది మైదానం. మిర్చి, పత్తి చేల గట్ల మీది చింతలూ వేపలే ఇక్కడి అడవి. బూడిద తెగులుకు రైతులు గంధకం చల్లుతారు. మిగతా తెగుళ్లకు శిలీంధ్రనాశనులు కొడతారు. లైకెన్ దేహంలో ఎక్కువ భాగం శిలీంధ్రమే కాబట్టి, ఆ మందులు దాన్నీ దెబ్బతీయవచ్చు. అందుకే గుంటూరు, ఒంగోలు, మార్కాపురం కళాశాలల్లో వృక్షశాస్త్రం చదివే పిల్లలు ఒక టేపు, ఒక భూతద్దం పట్టుకుని చేల పక్కన పది చెట్లు, చేలకు దూరంగా పది చెట్లు చూడాలి. చెట్టు మొదలు దగ్గర, నడుమెత్తున, తలెత్తున ఏముందో విడివిడిగా రాసిపెట్టాలి.