చేతికందిన ఓటు

ఓటు రహస్యమన్నది చట్టం మాట. చూపులేని ఓటరుకు మాత్రం ఆ రహస్యం చాలాకాలం ఇంకొకరి నోట్లో ఉండేది. నియమాల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన సహాయకుణ్ణి వెంట తీసుకెళ్లవచ్చు. అతను గుట్టు బయటపెట్టనని రాసిచ్చి ఓటు వేస్తాడు. ఎవరికి వేశాడన్నది అతనికే ఎరుక. దీన్ని మార్చే ప్రయోగం మన హైదరాబాద్‌లోనే, 2004 ఆసిఫ్‌నగర్ శాసనసభ ఉప ఎన్నికలో జరిగింది. 2009 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతటా అమలైంది. చేసిందల్లా ఈవీఎంలో మీటల పక్కన 1 నుంచి 16 వరకు బ్రెయిలీ అంకెలు చేర్చడం. అభ్యర్థుల పేర్లు బ్రెయిలీలో అచ్చువేసిన నమూనా బ్యాలెట్‌ను ప్రిసైడింగ్ అధికారి ఇస్తారు. ఓటరు వేళ్లతో చదివి, వరుస సంఖ్య గుర్తుపెట్టుకుని, లోపల ఆ అంకెను తడిమి మీట నొక్కాలి. (ఆ కాగితం పోలింగ్ కేంద్రానికి చేరితేనే సుమా!)

చూపులేనివాళ్లలో చాలామందికి బ్రెయిలీ రాదు కదా, ఇంత హంగామా ఎందుకని అడగవచ్చు. నిజమే, కానీ పేర్ల వరుస ముందే విని ఉంటే, మీటలు పైనుంచి లెక్కపెట్టుకునైనా నొక్కవచ్చు. సహాయకుడు కావాలనుకునేవారికి ఆ వెసులుబాటు ఎలాగూ ఉంది. తీసేసింది తప్పనిసరితనాన్నే. అసలు లోపం వేరేచోట ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్నిచోట్లా పెట్టిన వీవీప్యాట్ యంత్రం, ఓటు ఎవరికి పడిందో తెలిపే చీటీని ఏడు సెకన్లపాటు గాజు వెనక చూపిస్తుంది. తన ఓటు సరిగా పడిందో లేదో సరిచూసుకునే ఆ హక్కు కళ్లున్నవారికే దక్కింది. ఆ చీటీని చదివి వినిపించే ఇయర్‌ఫోన్ ఏర్పాటు ఎన్నికల సంఘం చేయాలి.